బదులు రోజు

ఆ పడవను ఒడ్డెక్కించాలంటే ఇరవైమంది మనుషులు, రెండు జతల ఎద్దులు కావాలి. దెల్ఫీన్ నాయిన్ దగ్గర ఉన్నవి ఒక పెళ్ళాం, ఒక కుంటి మోకాలు. మిగతావన్నీ అడిగి తెచ్చుకోవలసిందే. అడగడానికే మొగుడూ పెళ్ళాం పడవేసుకుని బయల్దేరారు.

ఏప్రిల్ ఆఖరు. భూగోళం దక్షిణపు కొసన ఉన్న ఆ దీవులకి అది ఆకురాలు కాలం. అపియావ్ దీవిలో ఆపిల్ చెట్లు ఆకు రాల్చేసి చేతులూపుకుంటూ నిలబడ్డాయి. పళ్ళ గానుగ ముగిసింది. కొత్త ఆపిల్ కల్లు ఇంకా తియ్యగా బుసబుసలాడుతోంది. ఉబెర్లిండ దాన్ని పెద్ద గాజు జాడీలోకి వంచి, మూతికి గుడ్డ బిగించి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనేసుకుని నీళ్ళలోకి దిగింది.

"జాగ్రత్తే. అది కాస్తా ఒలికిందంటే ఊరూరా ఒట్టి నోటితో అడుక్కోవాలి," అన్నాడు దెల్ఫీన్ పడవలోంచి.

"నీ నోరు ఒట్టిగా ఉన్నదెప్పుడులే. ముందు చెయ్యందించు."

జాడీని పొయ్యి పక్కన తాళ్ళ మధ్య కుదురుగా కూచోబెట్టింది. ముందుభాగంలో కప్పు కింద ఉన్నది ఇద్దరు పడుకుంటే మూడోవాడి ఊపిరికి కూడా చోటు చాలని గది. అందులోనే రేకు పొయ్యి, దుంపల బస్తా, పొగబెట్టిన ఆల్చిప్పల దండలు, మడతపెట్టిన దుప్పట్లు. ఇన్నేళ్ళుగా ప్రతి ఆకురాలు కాలంలో ఆ గదిలోనే నాలుగు రోజులు కాపురం చేస్తూ వచ్చారు వాళ్ళు. దీవి దీవికీ తిరిగి దుంపలిచ్చి ఉన్ని తెచ్చుకునేవారు, పెళ్ళిళ్ళకీ చావులకీ వెళ్ళేవారు. పడవ పేరు పోర్ఫియాద. మొండిది అని అర్థం. గాలికి ఎదురు పెడితే నిజంగానే మూతి తిప్పుకునేది.

నిరుటిదాకా దాన్ని ఒడ్డెక్కించే అవసరమే లేదు. చలికాలమంతా ఏటి పాయలో, బురద పరుపు మీద హాయిగా ఒరిగి పడుకునేది. ఇప్పుడు ఏటి మొగకు అడ్డంగా చేపల కంపెనీ వాళ్ళు చేపలు పెంచే పంజరాలు తేలుతున్నాయి. నల్లటి గొట్టాలు, పసుపు బుడగలు, మనిషి తొడంత లావు తాళ్ళు. అడుగున రాళ్ళ బరువున్న చెక్కపడవ లోపలికి దూరే సందు లేదు. బయట తీరం ఉత్తరానికి నోరు తెరుచుకుని ఉంటుంది. ఉత్తరపు గాలి ఒక్క రాత్రి పట్టిందంటే, నీళ్ళలో కట్టిన పడవను తెల్లారేసరికి పుల్లలు పుల్లలుగా ఏరుకోవాలి. శనివారం అమావాస్య పోటు. ఏడాదిలో పెద్ద పోట్లలో అదొకటి. ఆ పోటుకి పడవ పైకెక్కాలి. లేకపోతే ఇక ఎక్కదు.

పంజరాల పక్కనుంచి పోతుంటే కాపలావాడు మోటారు పడవలోంచి కేకేశాడు. "ఓ తాతా! తాళ్ళకి దూరంగా పోనీ!"

"మీ తాత పుట్టకముందు నుంచీ ఇది దారిరా!"

"ఇప్పుడు కాదుగా తాతా! నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు వాడు, ఏమీ చెయ్యలేనివాడి నవ్వు నవ్వి.

దెల్ఫీన్ నీళ్ళలో ఉమ్మేసి చుక్కాని తిప్పాడు.

మధ్యాహ్నానికి అలావ్ దీవి అందింది. బెలార్మీనో చిగ్వాయ్ ఇంటికే మొదట వెళ్ళాలని దెల్ఫీన్ అనుకున్నాడు. అతని కొడుక్కి చర్చిలో జ్ఞానస్నానం చేయించింది దెల్ఫీనే. అప్పటినుంచీ బావా అంటే బావా అనుకుంటారు. బెలార్మీనో కంపెనీ వాళ్ళిచ్చిన నారింజరంగు కోటులోనే ఉన్నాడు, టీవీ ముందు కూచుని దుంపలు ఒలుస్తున్నాడు.

"ఏంటి బావా, చెప్పాపెట్టకుండా దిగావు! అక్కా, రా, పొయ్యి దగ్గరికి రా."

దెల్ఫీన్ కూచోలేదు. టోపీ తీశాడు. ఉబెర్లిండ గ్లాసు నింపి చేతికిచ్చింది. ఆయన బల్ల అంచు పట్టుకుని ఆ కుంటి మోకాలు నేలకానించాడు. కటుక్కుమన్న చప్పుడు గదంతా వినబడింది.

"బెలార్మీనో చిగ్వాయ్," అన్నాడు, బావా అనకుండా. వేడుకునేటప్పుడు వరసలుండవు. "దేవుడి పేరు చెప్పి, పోయిన మన పెద్దల పేరు చెప్పి నీ గడపలో మోకరించాను. శనివారం పోటు వేళకి నా పడవ ఒడ్డెక్కాలి. నీ చేతులు ఒక్కరోజు నాకియ్యి. నీ రోజుకి నా రోజు బదులు."

బెలార్మీనో చేతిలో సగం ఒలిచిన దుంప అలాగే ఉండిపోయింది. భార్య వైపు చూశాడు. ఆవిడ టీవీ వైపు చూసింది.

"లే బావా, నీకు పుణ్యముంటుంది. ఈ రోజుల్లో ఎవరు మోకరిస్తున్నారు? ఫోన్ చేస్తే సరిపోయేది."

"నువ్వు పుచ్చుకుంటే లేస్తాను."

అటువంటి గ్లాసు పుచ్చుకుని కాదనడం ఆ దీవుల్లో లేదు. రానివాడు గ్లాసు ముట్టుకోకూడదు. వచ్చేవాడు అడుగుదాకా తాగి, బల్ల మీద బోర్లించి పెట్టాలి. బెలార్మీనో గ్లాసు అందుకున్నాడు. పెదాలు తడుపుకున్నాడు. "బావుంది కల్లు. వస్తాలే బావా, రాకుండా ఎక్కడికి పోతాం. పిల్లల్నీ తీసుకొస్తా," అంటూనే గ్లాసును రొట్టెల బుట్ట వెనక్కి జరిపాడు. నిలువునా.

ఉబెర్లిండ దాన్ని తీసుకుని బయటికి వెళ్ళింది. గుమ్మం పక్కన ఒంచేసి, బొక్కెనలో కడిగి, నడుముకి కట్టుకున్న గుడ్డతో తుడుచుకుంటూ వచ్చింది. దెల్ఫీన్ చూడలేదనడానికి లేదు. చూశాడు. చూసినదాన్ని లెక్కలో వేసుకోలేదు.

"ముగ్గురు!" అన్నాడు ఒడ్డుకు నడుస్తూ, మోకాలు రాసుకుంటూ. "బెలార్మీనో, ఇద్దరు కొడుకులు. మొదటి గడపలోనే ముగ్గురు!"

"మోకాలికి ఇంటికెళ్ళాక కొవ్వు రాస్తా. ఎంతసేపని నేల మీదుంచావు దాన్ని," అంది ఆవిడ.

ఆ సాయంత్రంలోగా అలావ్‌లో ఇంకో అయిదు గడపలు ఎక్కారు. ఒకచోట పొగగొట్టంలోంచి పొగ వస్తోంది, లోపల రేడియో మోగుతోంది. తలుపు తట్టగానే రేడియో ఆగింది. తలుపు తెరుచుకోలేదు. దెల్ఫీన్ మరో రెండుసార్లు తట్టి, "పాపం, పడుకున్నట్టున్నారు," అన్నాడు. మిగతా నాలుగిళ్ళల్లో అందరూ మంచివాళ్ళే. కూచోమన్నారు, మాతే ఆకుల కషాయం పోసిచ్చారు, పంజరాల్లో షిఫ్టుల గురించి, నడుం నొప్పుల గురించి చెప్పారు. మోకరించినవాణ్ణి లేవదీసి, గ్లాసు పుచ్చుకుని, వస్తామన్నారు.

చీకటి పడకముందే తీరం వంపులో ఒకచోట లంగరేశారు. ఉబెర్లిండ దుంపలుడికించి, ఆల్చిప్పలు నీళ్ళలో మెత్తబరిచి ఉల్లిపాయతో వేయించింది. ఆవిరికి కిటికీ గాజు తెల్లబడింది. పడవ అటూ ఇటూ మెల్లగా ఊగుతుంటే గిన్నె కూడా పొయ్యి మీద అంగుళం అటూ అంగుళం ఇటూ జరుగుతోంది. ఆవిడ చూడకుండానే చేత్తో సర్దుతోంది.

"పన్నెండు మంది అయ్యారే," అన్నాడు దెల్ఫీన్ వేళ్ళు మడుస్తూ. "రేపు చౌలినెక్ దీవిలో ఎనిమిది. ఎల్లుండి అననియాస్ ఎద్దులు. ఇంకేం కావాలి?"

"తిను. చల్లారిపోతుంది."

"జాడీలో కల్లు సరిపోతుందంటావా?"

"బోలెడుంది," అంది ఆవిడ. "అంతగా ఏం తగ్గలేదు."

*

చౌలినెక్‌లో ఎనిమిది కాదు, తొమ్మిది మంది అయ్యారు. దెల్ఫీన్ పిల్లాడిలా సంబరపడిపోయాడు. ఆ ఊరి జునిల్ద అనే విధవ, ఆవిడ అన్నదమ్ములు నలుగురు, ఒకే వంటగదిలో దొరికారు. నలుగురికీ విడివిడిగా మోకరించాడు. నాలుగోవాడి దగ్గర లేవలేకపోయాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపారు. అందరూ నవ్వారు.

"పడవకంటే ముందు నిన్ను లాగాలనుకుంటా దెల్ఫీన్!"

"లాగండ్రా, లాగండి! శనివారం మీ రెక్కల బలమేంటో చూస్తాగా!"

జునిల్ద మాత్రం నవ్వలేదు. ఉబెర్లిండను పక్కకు తీసుకెళ్ళి, "శనివారం వీళ్ళకి కంపెనీలో లెక్కల రోజమ్మా. చేపలు ఎత్తేది. వెళ్ళకపోతే పేరు కొట్టేస్తారు," అంది గొంతు తగ్గించి. "ముసలాయన మోకాళ్ళ మీద కూచుంటే, మొహమ్మీద కాదని ఎట్లా అంటారు?"

"అనలేర్లే," అంది ఉబెర్లిండ. జునిల్ద చేతికి నాలుగు ఆపిల్ పళ్ళిచ్చింది.

దెల్ఫీన్ అప్పుడు గుమ్మం దగ్గర చిన్నవాడికి దుంగలు ఎలా పరచాలో, పంది కొవ్వు ఎక్కడెక్కడ పట్టించాలో చేతులు తిప్పి తిప్పి చెబుతున్నాడు. ఆ మాటలు అతని చెవిన పడలేదు.

మూడోరోజు దక్షిణపు గాలి బాగా వీచింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. చౌలినెక్ దాటి కిందికి పోతే ఒక చిన్న లంక ఉంది. దాని మీద ఇప్పుడున్నది ఒకే ఇల్లు. అననియాస్ మిల్లలొంకో అందులో ఒంటరిగా ఉంటాడు. ఆ చుట్టుపక్కల రెండు జతల ఎద్దులున్నవాడు అతనొక్కడే. మిగతావాళ్ళు రాకపోయినా ఎలాగో గుంజుకురావచ్చు. ఎద్దులు లేకపోతే మాత్రం పడవ రాతి మీది రాయిలా ఉంటుంది. అందుకే ఆ గడపను చివరికి దాచుకున్నాడు దెల్ఫీన్, కూరలో మాంసం ముక్కను చివరికి దాచుకున్నట్టు.

అననియాస్ గుమ్మంలో కూచుని వల అల్లుతున్నాడు. పొడుగాటి మనిషి, ఎండుచేప ఒళ్ళు. వీళ్ళు మెట్టెక్కి వస్తుంటే లేచి నిలబడ్డాడు. దెల్ఫీన్ టోపీ తీయడం చూసి చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"గ్లాసు నా ముందుకు తేకు, దెల్ఫీన్."

"ఇంకా నేనేం అడగనేలేదు."

"అడగకు. నేను రాను."

దెల్ఫీన్ అప్పటికే మోకాలు వంచాడు. వంచిన మోకాలు నేలకి తాకకుండా గాల్లోనే ఆగింది. గుమ్మం కొయ్య పట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు రావు?"

"రాను. అంతే."

"నీ ఇంటి కప్పు ఎగిరిపోయిన ఏడు నేనొచ్చినప్పుడు ఎందుకని అడిగానా?"

"అడగలేదు."

"మీ అమ్మను మట్టి చెయ్యడానికి తీసుకెళ్ళింది ఏ పడవలోరా?"

"నీ పడవలోనే. మధ్యలో వాన వస్తే నీ కోటు తీసి పెట్టె మీద కప్పావు. నాకన్నీ గుర్తే." అతని గొంతు పెరగలేదు, తగ్గలేదు. "అయినా ఆ గ్లాసు ముట్టుకోను."

దెల్ఫీన్ ముఖం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. గ్లాసెత్తి, అందులోని కల్లంతా గుమ్మం చెక్క మీద నిదానంగా పోశాడు. "నువ్వు తాగకపోతే నీ గడపకే పోస్తున్నా. నీకన్నా దానికే సిగ్గుంది," అన్నాడు. గిరుక్కున తిరిగి కుంటుకుంటూ దిగిపోయాడు.

పడవెక్కి చూస్తే ఉబెర్లిండ ఇంకా పైనే ఉంది. పశువుల పాక తలుపు దగ్గర నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, అననియాస్‌తో ఏదో అంటోంది. పాక తలుపుకి తీగ చుట్టి ఉంది. తలుపు కింద గడ్డి ఏపుగా పెరిగింది. అతను తలొంచుకుని వింటున్నాడు. ఒకసారి తలూపాడు.

"ఏంటా ముచ్చట్లు వాడితో?" అన్నాడు ఆవిడ పడవెక్కగానే.

"దుంపలెట్లా ఊరాయని అడిగా."

"నీకు సిగ్గు లేదే. నేను వాడి గడప మీద ఒంపేసి వస్తే నువ్వు దుంపల సంగతి అడుగుతావా?"

"మనలో ఒకరికైనా ఉండకపోతే ఎట్లా," అంది ఆవిడ తాడు లాగుతూ.

తెరచాప గాలి పట్టింది. పోర్ఫియాద ఒక పక్కకి ఒరిగి, ముక్కుతో నీళ్ళు చీల్చుకుంటూ పరుగెత్తింది. ఎదురుగా ఇల్లు. సాయంత్రానికి చేరిపోవచ్చు. కాని ఉబెర్లిండ వచ్చి చుక్కాని దగ్గర కూచుంది. "నువ్వు జరుగు," అంది. పడవ ముక్కును పడమటికి తిప్పింది.

"ఎటే ఇది? ఇల్లటు."

"చుట్టూ తిరిగి పోదాం."

"రేపొక్కరోజే ఉంది. దుంగలు పరచాలి, కొవ్వు కరిగించాలి..."

"అవుతాయిలే. గాలి బావుంది. కూచో."

ఆవిడ అలా అడ్డం తిరగడం చాలా అరుదు. దెల్ఫీన్ గొణుక్కుంటూ తెరచాప స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపాడు. ఆ పూటంతా ఆవిడ ఏ పనీ లేకుండా పడవ తిప్పింది. పాత చర్చి ఉన్న తీరం పక్కనుంచి, కొంగలు నిలబడే ఇసుక దిబ్బ పక్కనుంచి, మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్తున్నప్పుడు నొప్పులొచ్చి లంగరేసిన తీరపు వంపు పక్కనుంచి. మధ్యలో ఒకసారి చుక్కాని కొయ్యను అరచేత్తో రుద్దింది, ఎద్దు వీపు రుద్దినట్టు. ఎండ వాలేసరికి ఉత్తరాన, దూరంగా, బూడిదరంగు గీత ఒకటి లేచింది.

"చూశావా?" అన్నాడు దెల్ఫీన్.

"చూశా."

"ఆదివారానికి వచ్చేస్తుంది. శనివారం పైకెక్కించేస్తే ఇక ఎంత ఊదుకున్నా ఊదుకోనీ. ఎద్దులు లేకపోతే ఏం? ఇరవైమందికి ఒకడు ఎక్కువే ఉన్నారు. కొవ్వు దట్టంగా రాస్తే ఎద్దులు చెయ్యాల్సిన పని కొవ్వే చేస్తుంది."

ఉబెర్లిండ తెరచాప తాడు అతని చేతికిచ్చి, కళ్ళు తుడుచుకుంది. గాలికి ఆవిడ కళ్ళు ఎప్పుడూ నీరు కారుతాయి.

*

శనివారం పొద్దున్నే దెల్ఫీన్ ఒడ్డున ఉన్నాడు. ముందురోజే పరిచిన దుంగల మీద చింకి గోనెతో కొవ్వు రుద్దాడు. లావుపాటి తాడు ఒకటి పడవ ముక్కుకి కట్టి, పైన పొదల దాకా చాపి పెట్టాడు. దానికి అటూ ఇటూ నిలబడడానికి మనుషులకు చోటు వదిలి, కాళ్ళకు తగలకుండా పెద్ద రాళ్ళు ఏరి పారేశాడు. ఒక్కో రాయి ఎత్తినప్పుడు ఇది బెలార్మీనో నిలబడేచోటు, ఇది జునిల్ద తమ్ముడి చోటు అనుకున్నాడు.

పోటు పెరుగుతోంది. గాలి లేదు. ఎక్కువసేపు గాలి లేకుండా ఉండడం మంచిది కాదని ఆ తీరంలో కోళ్ళకి కూడా తెలుసు.

పంజరాల వైపునుంచి మోటార్ల మోత వినబడుతోంది. పెద్ద బల్లకట్టు ఒకటి వచ్చి ఆగి ఉంది. నారింజరంగు కోట్లు దాని మీద చీమల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి. దెల్ఫీన్ చేత్తో కళ్ళకు నీడ పట్టి చూశాడు. ఎవరు ఎవరో ఆ దూరానికి తెలియదు. తెలియకపోవడమే నయమనుకున్నాడేమో, చెయ్యి దించేసుకున్నాడు.

వచ్చినవాళ్ళకి ముందు వేడిగా ఏదైనా తాగించాలి. నీళ్ళు కాగాయో లేదో చూద్దామని ఇంట్లోకి వెళ్ళాడు.

పొయ్యి మీద వాళ్ళిద్దరూ రోజూ వండుకునే నల్లగిన్నె ఉంది. మూత సందులోంచి పంది ఎముకల వాసన వస్తోంది. ఊరందరికీ వండే పెద్ద కాగు గోడ మేకుకే వేలాడుతోంది.

"కాగు దించలేదేంటే?"

ఉబెర్లిండ బల్ల మీద దుంపల పిండిని రొట్టెలుగా తడుతోంది. "అక్కర్లేదని."

"ఇరవైమందికి ఈ ముంతలో వండుతావా?"

"ముగ్గురికి."

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. బూట్లకంటిన కొవ్వు నేల మీద మచ్చలు పడుతోంది. మామూలప్పుడైతే ఆవిడ ఊరుకునేది కాదు.

"నీకు తెలుసు," అన్నాడు చివరికి.

"గ్లాసులు కడిగింది నేనయ్యా."

"ఎప్పణ్ణుంచి?"

"బెలార్మీనో ఇంటినుంచి."

"మరి నోరు మూసుకుని నా వెంట తిరిగావా? గడప గడపకీ నేను మోకరిస్తుంటే చూస్తూ నిలబడ్డావా?"

"చెప్తే మానేసేవాడివా?" ఆవిడ ఇంకో రొట్టె తట్టింది. "అయినా, అడగకుండా వదిలేస్తే చచ్చేదాకా నన్ను తినేసేవాడివి. అడిగితే వచ్చేవాళ్ళే అని. ఇంకోటి..." పిండి చేతులు నడుంగుడ్డకి తుడుచుకుంది. "తిరగాలనిపించింది. దాంట్లో."

దెల్ఫీన్ బల్ల పట్టుకుని కూచున్నాడు. "ముగ్గురన్నావు. మూడోవాడెవడు?" అన్నాడు.

ఆవిడ గడ్డంతో కిటికీ చూపించింది. తీరపు కొన దాటి ఒక తెడ్ల పడవ వస్తోంది. అందులో ఒక్కడే మనిషి, పొడుగాటివాడు. నిదానంగా, అలసిన మనిషి వేసే తెడ్డు.

"వాడా? రానన్నాడుగా!"

"నువ్వు లాగడానికి రమ్మన్నావు. ఎద్దులు నిరుడే పోయాయి, పాక ఖాళీ. గ్లాసు తాగి ఒట్టి చేతులతో రావడం ఇష్టం లేక ముట్టుకోలేదు." ఆవిడ అతని వైపు తిరిగింది. "నేను అడిగింది లాగడానికి కాదు."

"మరి?"

"విప్పడానికి."

అప్పుడు దెల్ఫీన్ అరుస్తాడని ఆవిడ ఎదురుచూసింది. నిజానికి అరవడానికే నోరు తెరిచాడు. మూసేసి, లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అననియాస్ పడవలోంచి ఒక గునపం, మేకులు లాగే పెద్ద పట్టకారు, బరువు సుత్తి దించాడు. దెల్ఫీన్ వాటి వైపు చూడకుండా, "ముందు లాగుతాం," అన్నాడు.

అననియాస్ వాదించలేదు. పనిముట్లు ఇసుకలో పెట్టి తాడు దగ్గరికి వెళ్ళాడు. ఉబెర్లిండ కూడా వచ్చి నడుంగుడ్డ బిగించింది. పోటు నిండుగా ఎక్కిన ఆ కాస్త వ్యవధిలో ముగ్గురూ తాడు భుజాన వేసుకుని, "హా!" అని దెల్ఫీన్ కేకేసినప్పుడల్లా ఊపిరి బిగబట్టి గుంజారు. మొదటి దుంగ మీద ముక్కు కొంచెం ఆనింది. అంతే. అలలు వచ్చినప్పుడు పడవ లేచింది, పోయినప్పుడు కూచుంది. వీళ్ళు గుంజినందుకు లేచిందో, అల వచ్చినందుకు లేచిందో తెలుస్తూనే ఉంది. దెల్ఫీన్ కేకలు ఒక్కొక్కటే చిన్నవయ్యాయి. తర్వాత ఆగిపోయాయి. తాడు వదిలేసి అరచేతులు చూసుకున్నాడు.

"తెరచాప ముందు," అన్నాడు.

నీళ్ళు దిగుతుంటే పడవ పక్కకి ఒరిగింది. తెరచాప దించారు, చుట్టారు. స్తంభానికి కట్టిన తాళ్ళు విప్పి, ముగ్గురూ కలిసి దాన్ని పొడుగునా కిందికి వాల్చారు. చుక్కాని ఊడదీశారు. ఉబెర్లిండ లోపలికి దూరి పొయ్యి, గొట్టం, పెచ్చులు లేచిన దేవుడి పటం, దుప్పట్లు ఒక్కొక్కటీ అందించింది. ఆ చిన్న గదిలోంచి ఆఖరికి ఆవిడే బయటికి వచ్చింది, తల మీద మసితో. పైకప్పు పలకల దగ్గర అననియాస్ గునపం చివర దూర్చి, దెల్ఫీన్ మొహం చూశాడు. దెల్ఫీన్ సముద్రం వైపు చూస్తున్నాడు. అననియాస్ సుత్తెత్తి కొట్టాడు.

"అక్కడ కాదురా మొద్దూ!" దెల్ఫీన్ ఒక్క అంగలో వచ్చాడు. "అక్కడ కొడితే పలక చీలిపోతుంది. మేకు పక్కన దూర్చి, కింద చెక్కముక్క పెట్టి ఎత్తు. ఇలా ఇయ్యి."

గునపం లాక్కున్నాడు. మొదటి పలక కీచుమంటూ లేచింది. వయసు మీద నల్లబడిన చెక్క కిందివైపు ఇంకా తేనెరంగులోనే ఉంది, వాసన కూడా వేసింది. ముగ్గురూ ఆ వాసనకి ఒక్కక్షణం ఆగారు. తర్వాత పనే వాళ్ళను లాక్కుపోయింది. అతను ఎత్తాడు, అననియాస్ పట్టకారుతో మేకులు లాగాడు, ఉబెర్లిండ వంకర మేకుల్ని రాయి మీద కొట్టి చక్కచేసి డబ్బాలో వేసింది. పలకల మధ్య సందుల్లో కూరిన చెట్టునార చుట్టలు చుట్టలుగా ఊడివచ్చింది. మళ్ళీ పోటు మొదలయ్యేసరికి మిగిలినవి అడుగు కొయ్య, పక్కటెముకలు. అవి అక్కడే ఉండిపోతాయి. వాటిని ఉత్తరపు గాలి చూసుకుంటుంది.

నల్లగిన్నెలో కూర ముగ్గురికీ సరిగ్గా సరిపోయింది. తిన్నాక ఉబెర్లిండ కల్లు పోసి అననియాస్ ముందు పెట్టింది. అతను ఈసారి చేతులు వెనక్కి పెట్టుకోలేదు. గటగటా అడుగుదాకా తాగి, బల్ల మీద బోర్లించాడు.

"ఆ రోజు నీ గడప మీద..." మొదలుపెట్టాడు దెల్ఫీన్.

"చీమలు పట్టాయి. రెండురోజులు ఊడవలేక చచ్చా," అన్నాడు అననియాస్.

ముగ్గురూ కాస్త నవ్వారు.

గాలి లేవకముందే వెళ్తానని అననియాస్ లేచాడు. ఒడ్డుదాకా ఇద్దరూ వచ్చారు. పనిముట్లు పడవలో పెట్టుకుంటుంటే దెల్ఫీన్ అడిగాడు. "నీ రోజెప్పుడు?"

"ఏ రోజు?"

"బదులు రోజురా. ఈరోజుకి బదులు. నేను ఎవరి రోజూ ఉంచుకున్నవాణ్ణి కాదు. పనెప్పుడో చెప్పు."

అననియాస్ తెడ్డు కొయ్యను నీళ్ళలో ముంచి తీశాడు. "పనేముంది. వచ్చే నెల ఇల్లు విప్పుతున్నా. పలకలు కావాలని అడిగారెవరో. మా అక్క వాళ్ళింట్లో ఒక గదుందట, ప్వెర్తో మోంత్ పట్నంలో."

"ఎప్పుడో ఖాయం చెయ్యి. ఇద్దరం వస్తాం. పోటు చూసుకుని తెల్లారగట్ల బయల్దేరామంటే, దక్షిణపు గాలి గనక ఉంటే, పొద్దెక్కేసరికల్లా నీ గుమ్మంలో..."

మాట అక్కడే ఆగింది. చెయ్యి మాత్రం ఇంకా దారి చూపిస్తూ గాల్లోనే ఉంది. ఉబెర్లిండ చటుక్కున వంగి, గుడ్డలో కట్టిన రొట్టెలు అననియాస్ పడవలో పెట్టింది. అననియాస్ వాటిని తీసి జాగ్రత్తగా తన కాళ్ళ కిందికి సర్దుకున్నాడు. సర్దడం చాలాసేపు పట్టింది.

"సరే అయితే, రండి," అన్నాడు, తలెత్తకుండా.

దెల్ఫీన్ మోకాలిలోతు నీళ్ళలోకి దిగి ఆ పడవను ముందుకు తోశాడు. అది కొన దాటేదాకా ఇద్దరూ చూశారు. అప్పుడే ఉత్తరం నుంచి మొదటి చినుకులు పడ్డాయి, ఏటవాలుగా, ఒక్కోటీ రాయంత.

"పదవయ్యా," అంది ఉబెర్లిండ. "పలకల మీద ఏదైనా కప్పుదాం. తడిసిపోతాయి."

"తడిస్తే తడవనీ. పుట్టినప్పట్నుంచీ నీళ్ళలోనేగా ఉన్నాయి," అన్నాడు దెల్ఫీన్. అన్నాడుగాని, తెరచాప ఈడ్చుకొచ్చి, మడతలు విప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి వాటి మీద కప్పింది అతనే.